నొప్పి ఎక్కడో ముందు వేలు పెట్టి చూపించండి

గత సంచికలో మోకాళ్ల గురించి రాస్తూ, గోల్ఫ్ ఆడేవాళ్ల తుంటి నొప్పి మీద ఒకే ఒక్క వాక్యం రాశాను. ఉత్తరాలు మాత్రం ఎక్కువగా ఆ వాక్యం మీదే వచ్చాయి. మన పాఠకుల్లో ఇంతమంది గోల్ఫ్ ఆడతారంటే సంపాదకులు నమ్మలేకపోయారు. నాకు ఆశ్చర్యమేమీ లేదు. నా ఫిజియోథెరపీ క్లినిక్ టోలిచౌకిలో. గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న గోల్ఫ్ కోర్సు అక్కడికి దగ్గరే. ఆడేవాళ్లూ వస్తారు, వాళ్ల బ్యాగులు మోసే క్యాడీలూ వస్తారు. నేనూ ఆడతాను గానీ నా స్కోరు సంగతి ఇక్కడ అనవసరం.

దాదాపు అందరూ "తుంటి నొప్పి" అని మాత్రమే రాసి వదిలేశారు. మనవాళ్ల లెక్కలో తుంటి అంటే నడుం కింద నుంచి తొడ సగం దాకా ఏదైనా కావచ్చు. అందుకే క్లినిక్‌లో నేను అడిగే మొదటి మాట, "ఒక్క వేలు పెట్టి చూపించండి" అని. వేలు గజ్జలో పెడితే అనుమానం కీలు మీదికి వెళ్తుంది. తొడ పక్కన ఎముక ఉబ్బెత్తుగా తగిలే చోట పెడితే కండరాలూ, వాటి స్నాయువులూ చూడాలి. పిరుదు వెనక పెట్టి, అక్కణ్నుంచి కాలి కిందికి గీత గీస్తే తుంటిని వదిలి నడుము పరీక్ష చేయాలి. వేలు పెట్టకుండా అరచేత్తో తుంటిని ముందూ వెనకా కలిపి పట్టుకుని "ఇక్కడంతా, లోపల్లోపల" అనేవాళ్లూ ఉంటారు. వాళ్లది చాలావరకు కీలు నొప్పే.

కింద ఎడమ, కుడి అన్నవన్నీ కుడిచేతి వాటం వాళ్లకు. ఎడమచేతి వాళ్లు తిరగేసి చదువుకోండి.

*

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. బ్యాంకులో రిటైరయ్యాక గోల్ఫ్ మొదలుపెట్టాను. వారానికి మూడు రోజులు ఆడతాను. పద్దెనిమిది హోల్స్ ఆటలో పన్నెండోది దాటాక ఎడమ గజ్జలో పట్టేస్తోంది. ఎడమ కాలికి సాక్సు వేసుకోవడానికి తిప్పలు పడుతున్నాను. కానీ నేల మీద కూర్చుని భోంచేయగలను, బాసింపట్టు వేయగలను. తుంటి బాగానే ఉందనీ, స్వింగ్‌లోనే ఏదో తప్పుందనీ నా నమ్మకం. ఏమంటారు?
– ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి, సికింద్రాబాద్

జవాబు: మీ స్వింగ్ నేను చూడలేదు కాబట్టి దాన్ని తప్పు పట్టను. మీ నమ్మకంతోనే నాకు పేచీ. బాసింపట్టు వేసినప్పుడు తొడ ఎముక తుంటి గిన్నెలో బయటి వైపుకు తిరుగుతుంది. గోల్ఫ్‌కు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. డౌన్‌స్వింగ్‌లో, అంటే పైకెత్తిన కర్రను బంతి మీదికి దించేటప్పుడు, ఒంటి బరువంతా ఎడమ కాలి మీదికి వచ్చేస్తుంది. పాదం గడ్డిలో నాటుకుని ఉంటుంది, కదలదు. పైన కటి భాగం మాత్రం లక్ష్యం వైపు గిరుక్కున తిరుగుతుంది. అంటే ఎడమ తొడ ఎముక గిన్నెలో లోపలి వైపుకు తిరగాలి. ఈ పనంతా పావు సెకనులో అయిపోతుంది. ఒక రౌండ్‌లో పుట్టింగ్ (బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బలు) తీసేసినా, ప్రాక్టీసు స్వింగులు కలుపుకుంటే ఇది ఎన్నిసార్లు జరుగుతుందో మీరే లెక్కేసుకోండి.

మనం చిన్నప్పటి నుంచీ నేల మీద కూర్చుని తుంటిని బయటికి తిప్పడం బాగా అలవాటు చేసుకున్నాం. లోపలికి తిప్పే పని మన రోజువారీ జీవితంలో దాదాపు లేదు. కీలులో అరుగుదల మొదలైతే సాధారణంగా ముందుగా తగ్గేది ఆ లోపలి తిరుగుడే. అందుకే "కింద కూర్చోగలను కాబట్టి తుంటి భేషుగ్గా ఉంది" అనే లెక్క కుదరదు.

ఇంట్లోనే చూసుకోండి. ఎత్తైన బల్ల మీద పాదాలు నేలకు తగలకుండా కూర్చోండి. మోకాళ్ల మధ్య చుట్టిన తువ్వాలు పెట్టి, జారకుండా పట్టుకోండి. ఇప్పుడు మోకాలు కదలకుండా ఎడమ పాదాన్ని పక్కకు, బయటికి తీసుకెళ్లండి. పాదం బయటికి పోతోందంటే తొడ లోపలికి తిరుగుతోందన్నమాట. కాస్త తిరకాసుగా అనిపిస్తుంది గానీ అంతే. పిరుదు లేవకూడదు, ఒళ్లు ఒరగకూడదు. తర్వాత కుడి పాదంతో చేయండి. ఆరోగ్యంగా ఉన్న తుంటి 30 నుంచి 45 డిగ్రీల దాకా వెళ్తుంది. ఎడమది కుడి దానికన్నా బాగా తక్కువ వెళ్లి, చివర్లో గజ్జలో పట్టేసిందనుకోండి, మీ వయసులో నేను మొదట అనుమానించేది ఆర్థరైటిస్‌నే. ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించి, ఎక్స్‌రే తీయించుకోండి. మొదటి రోజే ఎమ్మారైకి పరుగెత్తక్కర్లేదు.

ఎక్స్‌రే చూసి ఎవరైనా "గుజ్జు అరిగిపోయింది" అంటే కంగారు పడొద్దు. ఆ మాట వినగానే సగం మంది ఆట మానేసి సోఫాకు అతుక్కుపోతారు. నాకు ఒళ్లు మండే మాట అది. ఫిల్ములో కనిపించే అరుగుదలకూ మనిషికి ఉండే నొప్పికీ చాలాసార్లు పొంతన ఉండదు. కీలు చుట్టూ కండరాలు బలంగా ఉంటే అదే అరుగుదలతో హాయిగా ఏళ్ల తరబడి ఆడేవాళ్లున్నారు. సోఫా ఎక్కినవాళ్లకు మాత్రం ఉన్న కండరాలూ కరిగిపోతాయి.

ఇప్పుడు ఆట సంగతి. బంతి ముందు నిలబడేటప్పుడు ఎడమ పాదాన్ని లక్ష్యం వైపు 20 నుంచి 30 డిగ్రీలు తిప్పి పెట్టండి. మీ తుంటి తిరగాల్సిన దూరం ఆ మేరకు తగ్గిపోతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేని వైద్యం ఇదే. కుడి పాదం కూడా కాస్త బయటికి తిప్పితే బ్యాక్‌స్వింగ్‌లో, అంటే కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు, కుడి తుంటికి వెసులుబాటు దొరుకుతుంది. బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ లేస్తే లేవనివ్వండి. కింది భాగాన్ని బిగబట్టి భుజాలు మాత్రమే తిప్పాలని ఇప్పుడు చాలామంది నేర్పిస్తున్నారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు అది చెల్లుతుంది. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ తన మంచి రోజుల్లో మడమ ఎత్తే కొట్టాడు. బంతి వెళ్లిపోయాక ఎడమ పాదాన్ని అక్కడే బిగించి ఫొటోకు నిలబడ్డట్టు ఉండక్కర్లేదు. కుడి కాలు ముందుకు వేసి నడిచేయండి. ఇంకో దిగ్గజం గ్యారీ ప్లేయర్ అలా నడవడానికి పెట్టింది పేరు.

ఇవన్నీ నడుము కోసం కూడా చెబుతున్నాను. తుంటి తిరగనప్పుడు ఆ తిరుగుడు ఇంకెక్కడి నుంచైనా రావాలి. నడుములో ఉన్న అయిదు పూసలూ కలిసినా ఒక వైపుకు పది పదిహేను డిగ్రీలకు మించి తిరగలేవు. తుంటి ఎగ్గొట్టిన పని వాటి మీద పడుతుంది. గోల్ఫ్ వల్ల నడుం నొప్పి అని నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ముందు తుంటి కొలిచేది ఇందుకే.

వ్యాయామాలు మూడు చాలు. నేల మీద కూర్చుని చేతులు వెనక ఆనించి, మోకాళ్లు వంచి, పాదాలు దూరంగా పెట్టి, రెండు మోకాళ్లనూ కలిపి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వాల్చండి. నొప్పి వచ్చే అంచు దాకా వెళ్లకండి. రెండోది, వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి పిరుదులు పైకెత్తడం. యోగా చేసేవాళ్లకు సేతుబంధాసనం తెలుసు, అదే. మూడోది మెట్టు. ఎడమ కాలు మొదటి మెట్టు మీద పెట్టి, కుడి కాలితో నేలను తన్నకుండా ఎడమ కాలి బలంతోనే పైకి లేవాలి, అంతకన్నా నెమ్మదిగా దిగాలి. దిగడంలోనే అసలు పని ఉంది. రోజు విడిచి రోజు, ఒక్కోటి పదేసి సార్లు చొప్పున మూడు విడతలు. పదింటికి మూడు పాళ్ల దాకా నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాడు పొద్దుటికి సర్దుకోవాలి. సర్దుకోకపోతే తగ్గించండి.

పన్నెండో హోల్ దగ్గర పట్టేస్తుంటే కొన్నాళ్లు తొమ్మిదికే ఆపండి. నొప్పి మాత్ర వేసుకుని పద్దెనిమిది పూర్తి చేద్దామని చూడొద్దు. అరవై దాటాక ఆ మాత్రలు వారానికి మూడేసి చొప్పున మింగితే కిడ్నీలూ, బీపీ, కడుపూ లెక్క అడుగుతాయి.

*

ప్రశ్న: నాకు 52. మా వారితో కలిసి వైజాగ్‌లో గోల్ఫ్ ఆడతాను. కుడి తొడ పక్కన ఎముక దగ్గర నొప్పి. ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నాను. యూట్యూబ్‌లో చూసి, కాలు మీద కాలు వేసి అటు పక్కకు లాగే స్ట్రెచింగ్ రోజూ చేస్తున్నాను. పెరుగుతోందే గానీ తగ్గడం లేదు. ఇంజెక్షన్ చేయించుకోమంటున్నారు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ స్ట్రెచింగ్ ఈ రోజుతో ఆపేయండమ్మా. నొప్పి పెరగడానికి అదే కారణం అయ్యుండొచ్చు.

మీరు చెప్పిన చోట పిరుదు కండరాల స్నాయువులు తొడ ఎముకకు అతుక్కుంటాయి. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఆడవాళ్లకు ఇది మగవాళ్లకన్నా బాగా ఎక్కువ. నెలసరి ఆగే వయసులో వచ్చే హార్మోన్ల మార్పులకూ దీనికీ సంబంధం ఉందని అనుకుంటున్నారు. కాలు ఒంటి మధ్యగీత దాటి అవతలి పక్కకు వెళ్లినప్పుడల్లా ఆ స్నాయువు ఎముక మీద నొక్కుకుపోతుంది. మీరు రోజూ పనిగట్టుకుని దాన్ని నొక్కుతున్నారు.

రోజులో ఇంకెక్కడెక్కడ నొక్కుతున్నారో చూడండి. టీ దగ్గర, అంటే హోల్ మొదలయ్యే చోట, ముందు బృందం కదిలే దాకా ఒక తుంటి మీదికి ఒరిగి నిలబడతారా? వంటింటి గట్టు దగ్గర కూడా అదే భంగిమా? కుర్చీలో కాలు మీద కాలు వేసుకుంటారా? రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నా పైనున్న కుడి మోకాలు మంచం మీదికి జారిపోతుంది కదా, అప్పుడూ ఇదే జరుగుతుంది. మోకాళ్ల మధ్య దళసరి దిండు ఒకటి పెట్టుకోండి, పాదాల దాకా ఉండేలా. చాలామందికి మొదటి వారంలోనే నిద్ర మెరుగవుతుంది.

ఇంజెక్షన్ గురించి. ఈ నొప్పి మీదే ఆస్ట్రేలియాలో చేసిన ఒక అధ్యయనం 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 204 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఒక గుంపుకు వ్యాయామాలతో పాటు ఎలా నిలబడాలి, ఎలా పడుకోవాలి అనే సలహాలు, మూడో గుంపుకు వేచి చూడటం. ఎనిమిది వారాలకు వ్యాయామం చేసినవాళ్లే అందరికన్నా ముందున్నారు. ఏడాది తర్వాత బాగైందని చెప్పినవాళ్లూ ఇంజెక్షన్ గుంపులోకన్నా వాళ్లలోనే ఎక్కువ. ఇంజెక్షన్ వద్దనడం లేదు. రాత్రి అస్సలు నిద్ర లేకపోతే అది ఆసరాగా పనికొస్తుంది. అది వేయించుకుని వ్యాయామం మానేస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తారు.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు వంచి, మోకాళ్ల పైన చున్నీ బిగించి కట్టండి. మోకాళ్లను బయటికి తోయండి, చున్నీ ఆపుతుంది. కదలిక ఉండదు, కండరం మాత్రం పని చేస్తుంది. కాసేపు పట్టి వదలండి. ఒకటి రెండు వారాల తర్వాత పిరుదులు ఎత్తడం, ఆ తర్వాత రబ్బరు బ్యాండుతో పక్కకు అడుగులు వేయడం, ఆ తర్వాత మెట్టు. స్నాయువు మెల్లగా కోలుకునే రకం. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఈలోగా ఆట పూర్తిగా మానక్కర్లేదు. ఎత్తుపల్లాలు ఎక్కువున్న హోల్స్ దగ్గర గోల్ఫ్ బండి ఎక్కండి.

*

ప్రశ్న: మేడమ్, నేను క్యాడీని. బ్యాగు ఎప్పుడూ ఎడమ భుజానికే వేసుకుంటాను. నొప్పి మాత్రం కుడి తుంటి పక్కన వస్తోంది. బరువు ఒక వైపు, నొప్పి ఇంకో వైపు ఎందుకో ఎవరూ చెప్పలేదు. పనికి పోకపోతే ఆ రోజు డబ్బు రాదు.
– ఒక క్యాడీ, గోల్కొండ

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా సూటైన ప్రశ్న మీదే.

నడిచేటప్పుడు ప్రతి అడుగులో కాసేపు ఒంటికాలి మీద ఉంటాం. మీరు కుడి కాలి మీద ఉన్నప్పుడు ఎడమ కాలు గాల్లో ఉంటుంది. అప్పుడు ఒళ్లు ఎడమ పక్కకు పడిపోకుండా కుడి తుంటి పక్కనున్న కండరాలు పట్టుకుని ఉంచుతాయి. తక్కెడ అనుకోండి. ముల్లు మీ కుడి తుంటి కీలు. ఎడమ తట్టలో మీ ఒళ్లు, కుడి తట్టలో ఆ కండరాల లాగుడు. ఎడమ భుజాన బ్యాగు వేశారంటే ఎడమ తట్టలో ఇంకా బరువు వేసినట్టే. దానికి సరితూగడానికి కుడి కండరాలు ఇంకా గట్టిగా లాగాలి. రౌండుకు ఎనిమిది పది కిలోమీటర్లు నడుస్తారు. రోజుకు రెండు రౌండ్లు దొరికితే రెట్టింపు.

కాబట్టి బ్యాగును కుడి వైపుకు, అంటే నొప్పి ఉన్న వైపుకే మార్చండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, లెక్క మాత్రం అదే. తుంటి నొప్పి ఉన్నవాళ్లను చేతికర్ర అవతలి చేత్తో పట్టుకోమని చెప్పేదీ ఈ కారణానికే. నొప్పి తగ్గాక హోల్‌కు ఒకసారి భుజం మార్చుకుంటూ ఉండండి. రెండు పట్టీలున్న బ్యాగైతే రెండు భుజాలకూ వేసుకోండి. చక్రాల ట్రాలీ ఇస్తే మొహమాటపడకండి. దాన్ని వెనక లాగడంకన్నా ముందుకు తోయడం నయం. లాగితే ఒళ్లు ఒక పక్కకు మెలి తిరుగుతుంది. ఇంటి దగ్గర పైన చెప్పిన చున్నీ వ్యాయామం, మెట్టు వ్యాయామం చేయండి. వాటికి డబ్బూ అక్కర్లేదు, సెలవూ అక్కర్లేదు.

బ్యాగుల యజమానులకు ఒక మాట. గోల్ఫ్ నిబంధనల ప్రకారం బ్యాగులో క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, 14కు మించకూడదు. 14 ఉండి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. మీరు ఏడాదికోసారి కూడా తీయని ఆ 2 ఐరన్, చెరువులోంచి తీయించిన పాత బంతులు, ఎండాకాలంలో గొడుగు కింద వాన కోటు, ఇవన్నీ ఒకరి తుంటి మీద ఉన్నాయి. ఈ ఆదివారం జిప్పులన్నీ తెరిచి చూడండి.

*

ప్రశ్న: 42 ఏళ్లు, ఐటీ ఉద్యోగం. రోజంతా కుర్చీలో ఉండి, సాయంత్రం సరాసరి ప్రాక్టీసు రేంజ్‌కు వెళ్లి పెద్ద బకెట్ బంతులు కొడతాను. ఎడమ తుంటి ముందు భాగంలో క్లిక్కుమంటుంది, నొప్పి. ఎమ్మారైలో లేబ్రమ్ చిరిగిందని వచ్చింది. ఆర్థ్రోస్కోపీ (చిన్న గాటుతో కీలులోకి కెమెరా పంపి చేసే ఆపరేషన్) చేయించుకోవాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమెరికా గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయమే మీ ఊళ్లో ఉంది. పెద్ద బకెట్ మీద మనసు పోవడం సహజమే. ముందు టెన్షన్ తగ్గే మాట చెబుతాను. లేబ్రమ్ అంటే తుంటి గిన్నె అంచున ఉండే మెత్తటి చుట్టు. అది చిరిగినట్టు ఎమ్మారైలో కనిపించడం ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా మామూలే. అందువల్ల రిపోర్టులో చిరుగు ఉన్నంత మాత్రాన మీ నొప్పి దాని వల్లే అని చెప్పలేం. కొందరికి ఎముక తల, గిన్నె అంచు పుట్టుకతోనో ఎదిగే వయసులోనో కాస్త ఉబ్బుగా తయారై, కాలు బాగా వంచి లోపలికి తిప్పినప్పుడు ఒకదానికొకటి తగులుతాయి. చిరుగుకు చాలాసార్లు మూలం అది. మీకు అలా ఉందా అని సర్జన్‌ను అడగండి. ఆపరేషన్ తర్వాత పూర్తి ఆటకు ఎన్నాళ్లు పడుతుంది, మూడు నెలలు వ్యాయామం చేసి చూస్తే నష్టం ఉందా అని కూడా అడగండి. నడుస్తుంటే కీలు తాళం పడ్డట్టు ఇరుక్కుపోవడం, కాలు పట్టు తప్పడం ఉంటే వేరే సంగతి. అవి లేకపోతే చాలామంది ముందు ఆ మూడు నెలల దారే చూపిస్తారు.

కుర్చీలోంచి లేచి నేరుగా డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్బు) పట్టడం మానాలి. రోజంతా వంగి ఉన్న తుంటి ముందరి కండరాలు బిగుసుకుని ఉంటాయి. గంటకోసారి లేవండి. రేంజ్‌కు వెళ్లాక ఒక మోకాలు నేల మీద ఆనించి, పిరుదు బిగించి, నడుం వెనక్కి వంచకుండా ఒంటిని కొద్దిగా ముందుకు జరపండి. తొడ ముందు భాగం లాగుతుంది. గజ్జలో గుచ్చితే ఎక్కువ చేశారన్నమాట. పెద్ద బకెట్ బదులు చిన్నది తీసుకోండి, అందులోనూ సగం వెడ్జ్‌తో, అంటే దగ్గరి దెబ్బలకు వాడే క్లబ్బుతో. మ్యాట్ మీదకన్నా గడ్డి మీద కొట్టే చోటు దొరికితే అక్కడికి వెళ్లండి. మ్యాట్ మీద ఎడమ పాదం అస్సలు జారదు, ఆ తిరుగుడంతా కీలే భరిస్తుంది. బంతికీ బంతికీ మధ్య వెనక్కి జరిగి మళ్లీ గురి చూసుకుంటే ఆటా బాగుపడుతుంది. వరసగా దంచడం వల్ల నేర్చుకునేదేమీ లేదు, నేను చూసినంతలో.

*

ప్రశ్న: నాకు 38. నెలకోసారి హైదరాబాద్ వచ్చి ఆడతాను. ఆరు నెలలుగా కుడి గజ్జలో నొప్పి, రాత్రి పూట కూడా. ఎక్స్‌రే నార్మల్. గోల్ఫ్ వల్లే అనుకుని ఆట ఆపినా తగ్గలేదు. 2021లో కోవిడ్ వచ్చి ఆస్పత్రిలో ఉన్నాను, అప్పుడు స్టెరాయిడ్లు ఇచ్చారు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉండొచ్చు. ఈ ఉత్తరానికి పత్రికలో జవాబు కోసం ఆగకుండా, మీరిచ్చిన నంబరుకు ముందే ఫోన్ చేసి చెప్పాను. మీలాంటివాళ్లు ఇంకా ఉంటారని ఇక్కడా రాస్తున్నాను.

నెలకోసారి ఆడే ఆట, మానేశాక కూడా రాత్రిళ్లు నొప్పి పెట్టదు. తొడ ఎముక పైన బంతిలా ఉండే తల భాగానికి రక్తం సరిగా అందకపోతే అక్కడి ఎముక చచ్చుబడుతుంది. దీన్ని ఏవీఎన్ అంటారు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, ఎక్కువ మద్యం, సికిల్ సెల్ జబ్బు, తుంటి దగ్గర పాత దెబ్బ, ఇవి తెలిసిన కారణాలు. కోవిడ్ తర్వాత మన దేశంలో ఈ కేసులు డాక్టర్ల దృష్టికి వచ్చాయి. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లను తిట్టుకోవద్దు. ఆక్సిజన్ అవసరమైనవాళ్లలో ఆ మందు ప్రాణాలు నిలబెట్టింది.

మొదటి దశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపిస్తుంది. ఎమ్మారైలో తెలుస్తుంది. రెండు తుంట్లకూ తీయించాలి, ఎందుకంటే నొప్పి లేని వైపు కూడా ఉండటం తరచూ జరుగుతుంది. ఎముక తల కుంగకముందే పట్టుకుంటే దాన్ని కాపాడే మార్గాలున్నాయి. కుంగాక చివరికి కీలు మార్పిడి దాకా పోవాల్సి రావచ్చు. ఎమ్మారై అయ్యేదాకా స్వింగులు, పరుగులు, గెంతులు వద్దు. ఈ విషయంలో నా వ్యాయామాలేవీ చేయకండి.

జ్వరంతో గజ్జ నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పడ్డాక కాలు మోపలేకపోవడం, మలమూత్రాల మీద పట్టు తప్పడం ఉన్నా వ్యాయామం మాట పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

*

ప్రశ్న: మా నాన్నగారికి 66. ఎడమ తుంటి కీలు మార్పిడి చేయాలన్నారు. ఇక గోల్ఫ్ ఉండదేమోనని ఆయన దిగులు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఆయనకు ఇద్దరి సంగతి చెప్పండి. జాక్ నిక్లాస్ 1998 మాస్టర్స్ టోర్నీలో 58 ఏళ్ల వయసులో, నొప్పెడుతున్న తుంటితో ఆరో స్థానం పంచుకున్నాడు. 1999 జనవరిలో ఎడమ తుంటి మార్పించుకున్నాడు. ఆ ఏడాది మాస్టర్స్ ఆడలేదు గానీ 2000లో నాలుగు మేజర్లూ, అంటే ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీలూ, ఆడాడు. ఇంకో గోల్ఫ్ దిగ్గజం టామ్ వాట్సన్‌ది ఇంకా గొప్ప. 2008 అక్టోబరులో ఎడమ తుంటి మార్పిడి. 2009 జులైలో, 59 ఏళ్ల వయసులో, టర్న్‌బెర్రీలో బ్రిటిష్ ఓపెన్ చివరి హోల్‌లో పార్ చేస్తే, అంటే ఆ హోల్‌కు నిర్ణయించినన్ని దెబ్బల్లో ముగిస్తే చాలు, గెలిచేవాడు. ఒక దెబ్బ ఎక్కువై బోగీ అయింది, స్కోరు సమానం కావడంతో ఆడిన ప్లేఆఫ్‌లో స్టూవర్ట్ సింక్ గెలిచాడు. ఇద్దరూ కుడిచేతి వాటమే, ఇద్దరికీ పోయింది ఎడమదే. ఇద్దరిని చూసి సూత్రం కట్టకూడదని తెలుసు, అయినా ఆ మాట అనకుండా ఉండలేను.

మీ నాన్నగారు వాట్సన్ కానక్కర్లేదు. చాలామంది సర్జన్లు ముందు పుట్టింగ్, చిప్పింగ్ (దగ్గర నుంచి కొట్టే చిన్న దెబ్బలు) ఒప్పుకుని, పూర్తి స్వింగ్‌కు మూడు నుంచి ఆరు నెలల మధ్య అనుమతిస్తారు. తేదీ చెప్పాల్సింది ఆయన సర్జనే. వెనక వైపు నుంచి కోసి చేసిన ఆపరేషన్ అయితే మొదటి వారాల్లో తుంటిని బాగా వంచడం, లోపలికి తిప్పడం, కాలు మీద కాలు వేయడం వద్దంటారు. గోల్ఫ్ స్వింగ్‌లో ఎడమ తుంటి చేసేది ఆ లోపలి తిరుగుడే కాబట్టి తొందరపడకూడదు. ఆపరేషన్‌కు ముందే పిరుదు కండరాలకు వ్యాయామం మొదలుపెడితే తర్వాత నడక త్వరగా వస్తుంది.

కప్పులోంచి బంతి తీయడానికి వంగకుండా ఒక చేత్తో పుటర్ మీద ఆనుకుని, ఆపరేషన్ అయిన కాలిని వెనక్కి గాల్లోకి లేపుతూ ముందుకు వాలి తీసుకోవాలి. సర్జన్ ఒప్పుకున్నాక ఇంట్లో గిన్నె పెట్టి అలవాటు చేయించండి. పుటర్ పిడికి తగిలించే రబ్బరు కప్పు కూడా అమ్ముతారు, అది ఉంటే అసలు వంగే పనే లేదు.

*

ప్రశ్న: వార్మప్‌కు పది నిమిషాలు కావాలంటారు. నాకు ట్రాఫిక్‌లో చిక్కుకుని టీ టైముకు, అంటే ఆట మొదలయ్యే వేళకు, నాలుగు నిమిషాల ముందు చేరడమే గగనం. ఒక్కటి చెప్పండి.
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: పార్కింగ్ నుంచి బండి ఎక్కకుండా చురుగ్గా నడిచి రండి. టీ దగ్గర డ్రైవర్‌ను కర్రలా నేలకు ఆనించి, ఒక్కో కాలినీ ముందుకూ వెనక్కూ, తర్వాత అడ్డంగా, పదేసి సార్లు ఊపండి. సాగదీసి పట్టి ఉంచే స్ట్రెచ్‌లు ఆ సమయంలో అక్కర్లేదు. తర్వాత పాదాలు కదపకుండా కటిని మాత్రం ఇటూ అటూ తిప్పండి. వెడ్జ్‌తో సగం స్వింగులు నాలుగైదు. మొదటి బంతికి డ్రైవర్ వద్దు, 7 ఐరన్ తీయండి. రెండో హోల్ నుంచి మీ ఇష్టం.